పేచీ పెట్టే రెండేళ్ల బాబుతో కురుసుర, టీయూ-142 చూడటానికి ఎలా వెళ్లాలి?

ప్రశ్న: మధురవాడ నుంచి ఒక తల్లి

మా బాబుకు రెండేళ్లు దాటాయి. వాహనం ఏది కనిపించినా వాడికి పండగే. జాతీయ రహదారి మీద వెళ్లే కంటైనర్ లారీలను బాల్కనీ ఊచలు పట్టుకుని అలా చూస్తూనే ఉంటాడు. వచ్చే ఆదివారం విజయనగరం నుంచి మా అత్తయ్యగారు, మావయ్యగారు, ఆడపడుచు కుటుంబం వస్తున్నారు. ఉదయం కైలాసగిరి మీద చిన్న రైలు, అక్కడి నుంచి ఆర్కే బీచ్‌కు వచ్చి కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం, సాయంత్రం కాసేపు ఇసుకలో ఆట అని మావయ్యగారు ఎంతో ముచ్చటపడి అనుకున్నారు. మనవడికి ఇవన్నీ తానే దగ్గరుండి చూపించాలని ఆయన కోరిక. నాకూ అది ఇష్టమే.

అయితే బాబు ఈ మధ్య ప్రతి చిన్నదానికీ పేచీ పెడుతున్నాడు. మధ్యాహ్నం నిద్ర తప్పితే ఎవరికీ లొంగడు. చెప్పులు తొడగబోతే నేల మీద పడి దొర్లుతాడు, ఎత్తుకుంటే దింపమంటాడు, దింపితే ఎత్తుకోమంటాడు. ఆడపడుచు పిల్లలు హైస్కూల్లో చదువుతున్నారు కాబట్టి వాళ్లకు అన్నీ చూడాలని ఉంటుంది. పెద్దవాళ్ల మనసు నొచ్చుకోకుండా, వీడు ఏడ్చి అలిసిపోకుండా ఆ రోజు ఎలా గడపాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు: సీతమ్మధార

అమ్మా, ముందు కైలాసగిరిని మరో రోజుకు వాయిదా వేయండి. ఎండలో కొండెక్కి, అక్కడ రైలు కోసం వేచి ఉండి, మళ్లీ కిందికి దిగేసరికే ఆ వయసు పిల్లల ఓపిక అయిపోతుంది. ఇంట్లోనే పెందరాళే అన్నం పెట్టి, నిద్రపుచ్చి, వాడంతట వాడు లేచాక, సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో నేరుగా బీచ్ రోడ్డుకు బయలుదేరితే సగం పేచీ ఇంటి దగ్గరే ఆగిపోతుంది. రెండు ప్రదర్శనశాలలూ చీకటి పడ్డాక కూడా తెరిచే ఉంటాయి కాబట్టి తొందర పడవలసిన పని లేదు. సోమవారం మాత్రం సెలవు.

కురుసుర లోపలికి బాబును తీసుకువెళ్లకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. 1969లో నౌకాదళంలో చేరి 2001 వరకు పనిచేసిన ఆ జలాంతర్గామి సుమారు 91 మీటర్ల పొడవున్నా, లోపల దారి మాత్రం ఒక మనిషి పట్టేంతే ఉంటుంది. ఒక అర నుంచి మరో అరకు వెళ్లాలంటే గుండ్రటి ద్వారంలో తల వంచి, కాలు ఎత్తి దాటాలి. బిడ్డను చంకలో పెట్టుకుని అలా దాటడం పెద్దవాళ్లకూ కష్టమే. ఇరువైపులా గొట్టాలు, చక్రాల్లాంటి వాల్వులు, మీటలు చేతికందే దూరంలో ఉంటాయి గనుక వాడు ప్రతిదీ తిప్పాలంటాడు, మీరు వద్దంటారు. ఆదివారం ముందూ వెనుకా జనమే కాబట్టి మధ్యలో ఏడుపు మొదలైతే వెనక్కి తిరగడానికి కూడా చోటుండదు. మీ ఆడపడుచు పిల్లల్ని వాళ్ల నాన్నతో లోపలికి పంపండి. ఆ వయసు వాళ్లకు అది నిజంగా చూడవలసిన చోటు.

ఆ సమయంలో మీ మావయ్యగారు మనవడిని తీసుకుని రోడ్డుకు అటువైపున్న టీయూ-142 దగ్గరకు వెళ్లవచ్చు. 1988 నుంచి 2017 వరకు సముద్రం మీద నిఘా కాసిన ఆ విమానం ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొస వరకు సుమారు 50 మీటర్లు ఉంటుంది. దాని కింద నిలబడి తల ఎత్తి చూస్తే పెద్దవాళ్లే ఆశ్చర్యపోతారు. నాలుగు ఇంజన్లలో ఒక్కోదానికి ముందొకటి, వెనుకొకటి చొప్పున రెండేసి ప్రొపెల్లర్లు ఉంటాయి, అవి ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరిగేవి. తాతగారు చేతులు రెండూ అటొకటి ఇటొకటి తిప్పి చూపిస్తే బాబుకు అంతకంటే వివరణ అక్కర్లేదు. వాడు విమానాన్ని వదిలేసి ఐస్‌క్రీమ్ బండి చక్రాలనే చూస్తానంటే చూడనివ్వండి, అది కూడా వాహనమే కదా.

జవాబు: పెందుర్తి తాతయ్య, రైల్వే విశ్రాంత ఉద్యోగి

పై సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కాకపోతే నిలబడి ఉన్న వాహనం కన్నా కదిలే వాహనమే ఈ వయసు పిల్లలను ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. హౌరా, చెన్నై మార్గంలో తిరిగే చాలా రైళ్లు మన విశాఖ స్టేషనులో దిశ మార్చుకుంటాయి. అందువల్ల వచ్చిన ఇంజనును విప్పి, రెండో కొసన ఇంజను తగిలిస్తారు. ప్లాట్‌ఫారం టికెట్టు తీసుకుని, రైలు వెళ్లబోయే వైపు చివరకు నడిచి నిలబడితే ఇదంతా కళ్లముందే జరుగుతుంది. ఇంజను నత్తనడకన వెనక్కి వచ్చి, పెట్టెకు కాస్త దూరంలో ఆగి, మళ్లీ కదిలి, ఢక్కుమని తగులుతుంది. అప్పుడు పాయింట్స్‌మన్ అనే రైల్వే సిబ్బంది పట్టాల మధ్యకు దిగి, ఇంజనును పెట్టెతో కలిపే కప్లింగు బిగించి, గాలి గొట్టాలు కలుపుతాడు. మా మనవరాలు ఇది చూస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టినట్టు కదలకుండా ఉంటుంది. పసుపు గీతకు బాగా వెనుక నిలబడి, బిడ్డను ఎత్తుకునే ఉండండి. హారన్ మోగే ముందు చెవులు మూయండి. మీ ఆదివారానికి ఇది కలపవద్దు, మావయ్యగారు మరోసారి వచ్చినప్పుడు ఇద్దరినీ పంపండి.

జవాబు: పిల్లల వార్డులో పనిచేసే నర్సు

ఒకటి రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, కాబట్టి బాబు పేచీని మొండితనంగా చూడవద్దని ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పండి. బీచ్ దగ్గర ఉక్కపోతకు చెమట ఎక్కువ పడుతుంది. అడగకముందే కొద్దికొద్దిగా నీళ్లు తాగించండి, అరటిపండో ఇడ్లీయో సంచిలో ఉంచండి. నేల మీద పడి ఏడిస్తే ఆరుగురూ చుట్టూ చేరి తలా ఒక మాట చెప్పడం వల్ల ఏడుపు పెరుగుతుంది. మీరొక్కరే ఎత్తుకుని, జనానికి కొంచెం పక్కగా వెళ్లి, “ఇంకా చూడాలని ఉంది కదా నాన్నా” అని మెల్లగా అని, ఆపై మాట్లాడకుండా దగ్గర పెట్టుకోండి. బయలుదేరే ముందు హఠాత్తుగా లాక్కురాకుండా, విమానానికి టాటా చెప్పించండి.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. మావయ్యగారికి ఫోనులో చదివి వినిపించాను. విమానం బాధ్యత తనదేనని సంతోషంగా ఒప్పుకున్నారు, స్టేషను సంగతి వినగానే ఆ తరువాతి నెలలో మళ్లీ వస్తానన్నారు. పెందుర్తి తాతయ్యగారూ, అలా ఇంజను మార్చే రైళ్లలో సాయంత్రం పూట వచ్చేవి ఏవో దయచేసి చెప్పండి.