ఓవెన్ సమోసా (పాలకూర, ఫెటా): పైన బిస్కెట్, అడుగున తడి. తప్పెక్కడ?

ఉల్లికాడ
పాలకూర, లీక్ (లావాటి ఉల్లికాడలాంటి కూర), ఫెటా (ఉప్పటి గ్రీకు చీజ్) కూరి ఓవెన్‌లో పెట్టే సమోసాల గురించి. మైదా 250 గ్రాములు, నూనె 2 టేబుల్ స్పూన్లు, 180 డిగ్రీల్లో 35 నిమిషాలు. పైన గట్టిగా, అడుగున చెమ్మగా వస్తున్నాయి. నాలుగు సందేహాలు: 1. తప్పు పిండిదా, వేడిదా? 2. ఫైలో షీట్లు (కాగితమంత పల్చటి పిండి రేకులు) నయమా? 3. ఫెటా బదులు పార్మెసాన్ (గట్టి ఇటాలియన్ చీజ్) వేయొచ్చా? 4. ఫ్రీజర్‌లో పెట్టాలంటే కాల్చకముందా, కాల్చాకా?

మైదా_మాస్టారు
2 టేబుల్ స్పూన్లంటే 30 మి.లీ. చపాతీకి చాలు, సమోసాకి చాలదు. మూకుట్లో వేయిస్తే పిండి నూనె పీల్చుకుని గుల్లవుతుంది. ఓవెన్‌లో ఆ నూనె ఎక్కడిది? ముందే పిండిలో ఉండాలి. 250 గ్రాముల మైదాకి 60 మి.లీ. నూనె లేదా కరిగిన నెయ్యి, ముప్పావు టీస్పూను ఉప్పు, నలిపిన వాము అర టీస్పూను. పిండిని వేళ్లతో రుద్దాక పిడికిలి బిగిస్తే ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే విరగాలి. అప్పుడే చల్లనీళ్లు. 80 మి.లీ.తో మొదలుపెట్టి, అవసరమైతే చెంచా చెంచా పెంచండి. పూరీ పిండికన్నా గట్టిగా ఉండాలి. ఎక్కువ పిసికితే సాగుడొచ్చి, కాలాక అట్టముక్కవుతుంది. తడిగుడ్డ కప్పి 30 నిమిషాలు, తర్వాత 8 ఉండలు, ఒక్కోటి వత్తి సగానికి కోస్తే 16 సమోసాలు. వందసార్లు చెప్పిందే. పాత చర్చలు ఎవరూ చదవరు.

ఓవెన్_ఓబులేశు
పిండి సంగతి సరే, 180లో 35 నిమిషాలు పెడితే ఏ పిండైనా ఎండుతుంది. మొదట 200 డిగ్రీల్లో 10 నిమిషాలు, తర్వాత 180కి తగ్గించి 15 నుంచి 18. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే రెండిటికీ 20 డిగ్రీలు తగ్గించాలి. అడుగు తడికి మందు ఒక్కటే: ఓవెన్‌తోపాటు ఖాళీ ట్రే కూడా వేడెక్కాలి. సమోసాలు బేకింగ్ పేపర్ మీద పేర్చి, పేపర్‌తో సహా కాలుతున్న ట్రే మీదికి జార్చండి. ట్రే కింది నుంచి రెండో అరలో ఉండాలి. మన ఊళ్లలో దొరికే చిన్న ఓటీజీల్లో మాత్రం కింది రాడ్డు దగ్గరగా ఉంటుంది, అక్కడ నడిమి అరే.

గోంగూర_గ్లాస్గో
ఫైలో షీట్లు నయమే, సహనం ఉంటే. ఫ్రీజర్‌లోంచి తీసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, గంట ముందు బయటపెట్టాలి. హడావిడిగా విప్పితే మడత మడతకీ చిరుగుతుంది. ఒక షీటు మీద కరిగించిన వెన్న రాసి, రెండోది పరిచి మళ్లీ రాసి, 8 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కోయాలి. మిగతావి తడిపి గట్టిగా పిండిన గుడ్డ కింద ఉండాలి, లేకపోతే ఐదు నిమిషాల్లో అప్పడాలే. పట్టీ చివర ఒక టేబుల్ స్పూను కూర పెట్టి జెండా మడిచినట్టు మూల మీద మూల వేసుకుంటూ పోవాలి. ఫ్యాన్ ఓవెన్‌లో 180, ఓ 20 నిమిషాలు.

మైదా_మాస్టారు
అది సమోసా కాదు, గ్రీకుల పాలకూర పేస్ట్రీ స్పానకోపితా. పేరు మార్చినంత మాత్రాన సమోసా అవదు.

గోంగూర_గ్లాస్గో
మూడు మూలలున్నాయి, లోపల కూరుంది, పక్కన టీ ఉంది. ఇంకేం కావాలి మాస్టారూ?

పాతబస్తీ_పట్టీ
అందరూ పిండి మీద పడ్డరు. నీళ్లు పాలకూరల ఉన్నయ్! మా ఇరానీ హోటళ్ల ఉల్లిగడ్డ సమోసా చూడుండ్రి, పచ్చి ఉల్లిగడ్డ ఏసినా పట్టీ నానదు. ఎందుకు? అండ్ల అటుకులు కలుపుతరు, నీళ్లన్నీ అవే గుంజుకుంటయ్. మీ పాలకూర గూడ గంతే. అర కిలో ఆకు చిటికెడు ఉప్పేసి మగ్గబెట్టి, సల్లారినంక బట్టల ఏసి పిండుండ్రి. 200 గ్రాముల ముద్ద మిగలాలె. లీక్ తడి ఆరేదాంక వేరేగ వేయించుండ్రి. 150 గ్రాముల ఫెటా కలిపినంక రెండు చెంచాల సన్నటి అటుకులు, లేకుంటే బొంబాయి రవ్వ. మళ్ల ఉప్పు ఎయ్యొద్దు, ఫెటా ఉప్పునీళ్లల్ల ఊరిందే. మిరియాల పొడి, కొంచెం జాజికాయ, సోయకూర. గా డిల్ అంటరే, గదే.

ఓవెన్_ఓబులేశు
అటుకుల మాట బాగుంది అన్నా. గ్రీసులోనూ కొన్ని ఇళ్లలో ఇదే పనికి పాలకూరలో గుప్పెడు బియ్యమో రవ్వో వేస్తారు.

శాకం_స్టుట్‌గార్ట్
మూడో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. వెజ్ సమోసా అని చెప్పి పార్మెసాన్ వేయకండి. అసలైన పార్మిజానో రెజ్జానోలో పాలు, ఉప్పు, పాలు విరవడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ తప్ప ఇంకేమీ ఉండకూడదని ఆ చీజ్ నియమావళిలోనే ఉంది. అలాంటిదే ఇంకో ఇటాలియన్ చీజ్ గ్రానా పదానోలోనూ జంతు రెన్నెట్టే.

వెన్నముద్ద
అయ్యో, చిటికెడు రెన్నెట్‌కి ఇంత రాద్ధాంతమా? చీజంతా పాలే కదా.

శాకం_స్టుట్‌గార్ట్
చిటికెడైనా దూడదే. మీకు పట్టింపు లేకపోతే తినండి, "వెజ్" అని పేరు పెట్టి ఇంకొకరికి వడ్డించకండి.

వెన్నముద్ద
అంత నిష్ఠ ఉంటే ఫెటా మాత్రం ఎలా తింటున్నారు? అదీ రెన్నెట్‌తో విరిచేదే.

శాకం_స్టుట్‌గార్ట్
చూసి కొంటే తినొచ్చు. ఫెటాకి రెండు రకాల రెన్నెట్లూ వాడతారు. జర్మనీలో ప్యాకెట్ మీద "మిక్రోబియెల్లెస్ లాబ్" అని ఉంటే సూక్ష్మజీవులతో చేసినది. ఏ రకమో రాసి తీరాలన్న నిబంధన యూరప్‌లో లేదు కాబట్టి, రాయకపోతే పక్కన పెట్టేయడమే. బ్రిటన్‌లో శాకాహార గుర్తుతో "ఇటాలియన్ హార్డ్ చీజ్" అని వేరే పేరుతో దొరుకుతుంది, పార్మెసాన్ అనరు. ఇండియాలో పచ్చచుక్క చూసుకుంటే చాలు.

గోంగూర_గ్లాస్గో
గొడవెందుకు, రికోటా (మెత్తటి ఇటాలియన్ చీజ్) వాడండి. దాన్ని వేడితో, పులుపుతో విరుస్తారు.

శాకం_స్టుట్‌గార్ట్
ఏ నీళ్లని విరుస్తారు? చీజ్ చేయగా మిగిలిన తేటని. ఆ చీజ్‌కి ఏ రెన్నెట్ వేశారో అది కూడా చూడాలి.

వెన్నముద్ద
ఇక పచ్చిగడ్డి తినండి.

మైదా_మాస్టారు
పనీరు తురిమి నిమ్మరసం, ఉప్పు కలిపితే ఫెటాకి దగ్గరగా వస్తుంది. 150 గ్రాములకి రసం రెండు టీస్పూన్లు, ఉప్పు ముప్పావు టీస్పూను. అరగంట ఊరాలి. రెన్నెట్ గోల లేదు. ఇక ఆపండి.

ఉల్లికాడ
నాలుగో ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఫ్రీజర్?

ఓవెన్_ఓబులేశు
పఫ్ పేస్ట్రీ (మధ్య మధ్య వెన్నతో పొరలు పొరలుగా మడిచిన పిండి) గురించి ఎవరూ అనలేదు. చల్లగా ఉండగానే కోయాలి, చేతి వేడికి వెన్న కరిగితే పొరలు అతుక్కుంటాయి. పైన పూసే పాలు కోసిన అంచుల మీదికి కారకూడదు. కారితే పొరలక్కడ అంటుకుని పైకి లేవవు.

ఉల్లికాడ
ఫ్రీజర్ అండీ!

గోంగూర_గ్లాస్గో
కాల్చకముందే. ట్రేలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి, రెండు గంటలు గడ్డకట్టాక కవర్లో వేయండి. ఫైలో అయితే పైన వెన్న రాసి పెట్టాలి. మంచు విడవనివ్వకుండా నేరుగా ఓవెన్‌లోకి, ఐదారు నిమిషాలు అదనం. కరగనిస్తే ఆ తడికే పిండి నానుతుంది. కాల్చినవి మిగిలితే 160లో 7 నిమిషాలు చాలు. మైక్రోవేవ్‌లో పెడితే మెత్తటి బొంతలు.

వెన్నముద్ద
రంగు రావడానికి గుడ్డు పూయండి. లేదా అదీ నిషేధమా?

మైదా_మాస్టారు
పాలు రెండు టీస్పూన్లు, నూనె ఒక టీస్పూను కలిపి రాస్తే గుడ్డు అక్కర్లేదు. పాలలోని చక్కెర, ప్రొటీన్ ఎర్రబడతాయి. ఒట్టి నూనె రాస్తే అంత రంగు రాదు.

పాతబస్తీ_పట్టీ
బజార్ల దొరికే సమోసా పట్టీలు ఓవెన్ల పెట్టేటోళ్లు ఇనుండ్రి: రెండు దిక్కుల నూనె రాయాలె. పట్టీల నూనె ఉండదు, ఉత్తగ పెడితే తెల్లగనే ఉండి కాయితం లెక్క విరుగుతది.

ఉల్లికాడ
60 మి.లీ. నూనె, వేడి ట్రే, అటుకులు, మూడూ పాటించాక అడుగు గట్టిపడింది. 16లో నాలుగు మాత్రం అతుకు దగ్గర విచ్చుకుని కూర బయటికొచ్చింది.

మైదా_మాస్టారు
కూర వేడిగా పెట్టి ఉంటారు. పూర్తిగా చల్లారాలి, లేకపోతే ఆ వేడికి పిండి మెత్తబడి అతుకు జారిపోతుంది. అంచులకి ఒట్టి నీళ్లు చాలవు, రెండు టీస్పూన్ల మైదాకి మూడు టీస్పూన్ల నీళ్లు కలిపిన ముద్ద రాయండి. ఒక్కోదానికి కూర 30 గ్రాములు దాటనివ్వొద్దు. ఆవిరి పోవడానికి టూత్‌పిక్‌తో ఒక పక్క రెండు బెజ్జాలు.

గోంగూర_గ్లాస్గో
దీంట్లోకి చింతపండు చట్నీ మాత్రం వద్దు, ఫెటా పులుపు మీద ఇంకో పులుపు. కాల్చిన ఎర్ర క్యాప్సికం, వెల్లుల్లి, ఆలివ్ నూనె రుబ్బుకోండి.

పాతబస్తీ_పట్టీ
చింతపండు లేకుంటే సమోసా ఎట్లయితది?