ప్లస్ త్రీ ఎకనామిక్స్‌లో స్టాటిస్టిక్స్ పేపర్... ప్రాబబిలిటీ దగ్గర ఆగిపోయాను, ఎలా చదవాలో చెప్పండి

వంశధార_గట్టు:

అందరికీ నమస్తే అండి. మాది ఒడిశాలో గుణుపూర్ దగ్గర, ఇంట్లో తెలుగే గానీ పదో తరగతి దాకా ఒడియా మీడియం, ప్లస్ టూ ఆర్ట్స్, ఇప్పుడు ప్లస్ త్రీ (అంటే డిగ్రీ) ఎకనామిక్స్ ఆనర్స్ చదువుతున్నాను. ఈ సెమిస్టర్లో స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది, పుస్తకమేమో ఇంగ్లీషు. మీన్, మీడియన్, మోడ్ వరకు బానే నడిచింది, ప్రాబబిలిటీ మొదలయ్యాక ఏటీ బుర్రకెక్కడం లేదు. క్లాసులో చేసిన లెక్కే అంకెలు మార్చి ఇస్తే చేసేస్తాను, మాటలు మార్చి ఇస్తే మాత్రం ఏ సూత్రం వెయ్యాలో తెలీక పేజీ ఖాళీగా వదిలేస్తున్నాను.

ముఖ్యంగా మూడు దగ్గర్ల పేచీ. మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్, ఇండిపెండెంట్ రెండూ నాకు ఒకటే అనిపిస్తున్నాయి. కండిషనల్ ప్రాబబిలిటీలో కింద దేంతో భాగించాలో ప్రతిసారీ అనుమానమే. స్టాండర్డ్ డీవియేషన్‌కి ఒకచోట ఎన్ తో, ఇంకోచోట ఎన్ మైనస్ వన్ తో భాగిస్తారు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. ట్యూషన్‌కి రాయగడ వెళ్ళే వీలు లేదు. పాసైపోతే చాలని కాదండి, తర్వాత ఎమ్మే చెయ్యాలనుంది, అందుకే అర్థం చేసుకుని చదవాలని అడుగుతున్నాను.

నాగావళి_అక్క:

చెల్లీ, నేనూ ఆర్ట్స్ నుంచే వచ్చాను, ఎకనామిక్స్‌లోనే ఎమ్మే చేస్తున్నాను, కాబట్టి కంగారు పడకు. మొదట నీ మొదటి పేచీ తీర్చేద్దాం.

మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్ అంటే రెండూ ఒకేసారి జరగవు, ఒకటి జరిగిందంటే రెండోదానికి చోటే లేదు. ఇండిపెండెంట్ అంటే ఒకటి జరిగిందని తెలిసినా రెండోదాని ఛాన్సు ఇసుమంత కూడా మారదు. ఇప్పుడు చూడు, మొదటి రకంలో ఒకటి జరిగిందని తెలియగానే రెండోదాని ఛాన్సు సున్నా అయిపోతోంది కదా, అంటే పూర్తిగా మారిపోయింది. అందుకని రెండు ఘటనలకీ సున్నా కంటే ఎక్కువ ఛాన్సు ఉంటే అవి ఒకేసారి మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్, ఇండిపెండెంట్ రెండూ కాలేవు. ఒకటే అనిపిస్తున్నాయన్నావు, నిజానికి ఇవి ఎడమొహం పెడమొహం.

ఒక లెక్క చెయ్యి. రెండు పాచికలు వేశాం, 36 ఫలితాలూ ఆరు వరసలు ఆరు నిలువులుగా కాగితం మీద గడులు గీసుకో, బద్ధకించకు. మొత్తం 7 రావడానికి 6 గడులు ఉన్నాయి, అంటే 1/6. మొదటి పాచిక 3 పడిందని ఎవరో చెప్పారనుకో, ఇప్పుడు 3 ఉన్న వరస ఒక్కటే మిగిలింది, అందులో 6 గడులు, 7 వచ్చేది ఒక్క గడి, మళ్ళీ 1/6. మారలేదు, ఇండిపెండెంట్. అదే మొత్తం 8 తీసుకో. 36 లో 5 గడులు, 5/36. మొదటిది 3 అని తెలిశాక 1/6, అంటే 6/36. కొంచెమే గానీ మారింది, కాబట్టి ఇండిపెండెంట్ కాదు. 7 కీ 8 కీ ఈ తేడా కళ్ళతో చూడకపోతే సూత్రం ఎన్నిసార్లు రాసినా లాభం లేదు.

నీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. 3 పడిందని తెలిశాక 36 గడుల్లో 30 కొట్టేశాం, మిగిలిన ఆరే మన లోకం. కింద భాగించేది ఆ మిగిలినదానితోనే. ప్రతి లెక్కలో పెన్ను పెట్టేముందు "దేన్లోంచి ఎంత?" అని అడుక్కో, ఆ "దేన్లోంచి" అనేదే కిందికి వెళ్తుంది.

ల్యాబ్_లో_ఉంటా:

అక్క చెప్పింది బావుంది. నాను ఈ జిల్లాలోనే ఒక సీహెచ్‌సీలో (ప్రభుత్వ ఆసుపత్రి) ల్యాబ్ టెక్నీషియన్ని, నాకు ప్రాబబిలిటీ పుస్తకంలో కంటే పనిలో ఎక్కువ తగులుతాది, అందుకే రాస్తున్నాను, కొంచెం పెద్దది అవుతాది ఓపిగ్గా చదువమ్మా.

మనవైపు సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే రక్తం జబ్బు) గురించి తెలియని ఇల్లు ఉండదు కదా. 2023 జులై 1న దీని నిర్మూలనకి కేంద్రం ఒక మిషన్ మొదలెట్టింది, 2047 గడువు, సున్నా నుంచి 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి స్క్రీనింగ్ చెయ్యాలని. మేం చేసే మొదటి టెస్టు సాల్యుబిలిటీ టెస్టు. గాజు ట్యూబులో మందు నీళ్ళు పోసి అందులో రక్తం చుక్క వేసి కలిపి కాసేపు ఆగుతాం, ఆ తర్వాత నల్ల గీతలున్న కాగితం ముందు ట్యూబు పట్టుకుని చూస్తాం. గీతలు అవతల కనపడితే నెగెటివ్, నీళ్ళు మసకబారి గీతలు కనపడకపోతే పాజిటివ్. కానీ ఈ టెస్టు మనిషికి జబ్బు ఉందో, లేక క్యారియర్ (తనకి జబ్బు లేకపోయినా పిల్లలకి అందించగలిగే మనిషి) మాత్రమేనో విడదీసి చెప్పదు, దానికి హిమోగ్లోబిన్ రకాలు వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ చెయ్యాలి. ఆరు నెలల్లోపు పసిపిల్లలకి ఈ టెస్టు నమ్మలేం, ఈమధ్యనే రక్తం ఎక్కించుకున్న వాళ్ళకీ అంతే.

ఇప్పుడు లెక్క. ఇవి నేను ఊహించి వేసిన అంకెలు, అసలు సర్వేవి కావు. ఒక చోట 1,000 మంది, వాళ్ళలో 100 మందికి సికిల్ హిమోగ్లోబిన్ ఉంది. టెస్టు ఆ 100 లో 95 మందిని పట్టుకుంటాది, లేని 900 మందిలో నూటికి 5 చొప్పున 45 మందికి పొరపాటున పాజిటివ్ అంటాది. మొత్తం పాజిటివ్‌లు 140, నిజంగా ఉన్నవాళ్ళు 95. పాజిటివ్ వచ్చిన మనిషికి నిజంగా ఉండే ఛాన్సు 95/140, సుమారు 0.68. ఇదే కిట్టు, ఇదే చెయ్యి, ఇంకో చోటికి వెళ్ళాం, అక్కడ 10,000 మందిలో 100 మందికే ఉంది. పట్టుకున్నవి 95, పొరపాటు పాజిటివ్‌లు 9,900 లో 495. ఇప్పుడు 95/590, సుమారు 0.16. టెస్టు మారలేదు, ఊరు మారింది, జవాబు ఎక్కడికి పడిపోయిందో చూడు. బేయెస్ (Bayes) థీరమ్ అంటే ఇదే. సూత్రం భయపెడితే ఇలగే మనుషుల లెక్కలోకి మార్చుకో, పరీక్షలో కూడా చక్కగా పని చేస్తాది.

ఇంకోటి. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లు అయితే పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే ఛాన్సు 1/4, క్యారియర్ అయ్యేది 1/2, రెండూ లేనిది 1/4. మొదటి బిడ్డకి జబ్బు ఉంటే "నలుగురిలో ఒకరికన్నారు, ఆ ఒక్కటీ అయిపోయింది, ఇంక మిగతా పిల్లలకి రాదు" అని అనుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి ఇండిపెండెంట్ అనే మాట చెప్తే ఉపయోగం లేదు, "ముందు పుట్టిన బిడ్డకి ఏమైందో తర్వాత బిడ్డకి తెలీదమ్మా, ప్రతిసారీ కొత్త లెక్కే" అని చెప్తాం. ఈ ఒక్క సంగతి అర్థం కాకపోతే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు బాధపడే పరిస్థితి వస్తాది, అందుకే ఈ చాప్టర్ ఎవరైనా సరిగ్గా నేర్చుకుంటానంటే నాకు చాలా సంతోషం.

నీకొక లెక్క ఇస్తున్నాను చేసి చూపించు. ఇద్దరు క్యారియర్లకి పుట్టిన కొడుకు, పెద్దవాడయ్యాడు, వాడికి జబ్బు లేదని తేలిపోయింది. వాడు క్యారియర్ అయ్యే ఛాన్సు ఎంత?

మహేంద్రతనయ:

అమ్మా, నేను పర్లాకిమిడిలో ఉంటాను, చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పాను. ఆ ఎన్ మైనస్ వన్ సంగతి నేను చెప్తాను.

ముందు స్టాండర్డ్ డీవియేషన్ ఎందుకో చూడు. ఒక సంతలో వంకాయల ధర ఐదు వారాలు 20, 25, 30, 35, 40. ఇంకో సంతలో 28, 29, 30, 31, 32. రెండు చోట్లా సగటు 30 రూపాయలే. కానీ మొదటి సంతకి కాయలు పట్టుకెళ్ళే రైతుకి ఈ వారం ఎంత చేతికొస్తుందో అంతు తెలీదు. ఆ ఊగిసలాట సగటు చెప్పదు. మొదటి దానిలో సగటు నుంచి తేడాలు మైనస్ 10, మైనస్ 5, 0, 5, 10, వర్గాలు కలిపితే 250. రెండో దానిలో కలిపితే 10.

ఇప్పుడు దేంతో భాగించాలి? ఆ ఐదు వారాలే నీకు కావలసిన మొత్తం అయితే 5 తో భాగించు, 50 వస్తుంది, వర్గమూలం 7.07. అలా కాకుండా ఏడాది పొడుగునా ధర ఎలా ఊగుతుందో తెలుసుకోవడానికి ఈ ఐదు వారాలు శాంపిల్ గా తీసుకున్నావనుకో, అసలు సగటు నీకు తెలీదు, శాంపిల్ సగటే వాడుతున్నావు. ఆ సగటు ఈ ఐదు అంకెలకి మధ్యలో ఉండేలా వాటిలోంచే పుట్టింది కాబట్టి తేడాలు ఉండాల్సిన దానికంటే కొంచెం చిన్నవిగానే కనపడతాయి. తేడాలన్నీ కలిపితే ఎప్పుడూ సున్నా కదా, నాలుగు తెలిస్తే ఐదోది దానంతటదే వచ్చేస్తుంది, అంటే స్వేచ్ఛగా ఉన్నవి నాలుగే. అందుకని 4 తో భాగిస్తాం, 62.5 వస్తుంది, వర్గమూలం సుమారు 7.91. వేరియన్స్‌ని (వర్గమూలం తియ్యక ముందు వచ్చే అంకె) తక్కువగా అంచనా వెయ్యకుండా చేసే సవరణ అది. ప్రశ్నలో "శాంపిల్" అని ఉందా, "పాపులేషన్" (అంటే మొత్తం) అని ఉందా అని మొదట వెతుకు. కాల్క్యులేటర్లో కూడా రెండింటికీ వేరు వేరు బటన్లుంటాయి, సరైంది నొక్కాలి.

ఇంకొక మాట, ఈ సబ్జెక్టు ఎక్కడో పరాయి దేశంలో పుట్టింది మనకెందుకు అనుకోవద్దు. 1926 లో మన ఒడిశాలోని బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చినప్పుడు నది అడుగు మేట వేసి పైకి లేచిందని, గట్లు ఇంకా ఎత్తు చెయ్యాలని ఇంజనీర్లు అన్నారు. స్టాటిస్టిక్స్ నిపుణుడు మహలనోబిస్ గారు సుమారు అరవై ఏళ్ళ వాన, వరద లెక్కలు ముందేసుకుని చూసి అడుగు లేవలేదని తేల్చారు. ఆయనే 1931 లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, ఆయన పుట్టినరోజు జూన్ 29నే మనం స్టాటిస్టిక్స్ డే చేసుకుంటున్నాం. అక్కడ చేరిన సి.ఆర్. రావు గారు మన తెలుగాయన, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే చేసి కలకత్తా వెళ్ళారు. పాతికేళ్ళ వయసులో, 1945 లో రాసిన పేపర్లోదే క్రామర్-రావు బౌండ్. ఒక అంచనా ఎంత మంచిదైనా దాని వేరియన్స్ ఫలానా హద్దు కంటే తగ్గదని చెప్పే ఫలితం అది, పక్షపాతం లేని (అన్‌బయస్డ్, అంటే సగటున అసలు విలువే ఇచ్చే) అంచనాలకి. నువ్వు ఎమ్మేకి వెళ్తే కచ్చితంగా ఎదురవుతుంది. గుణుపూర్ నుంచి విశాఖ ఎంత దూరమమ్మా!

ప్రాణహిత_సిరొంచ:

నేను గడ్చిరోలి జిల్లా సిరొంచల ఉంట, నాది మరాఠీ మీడియం, ఇంట్ల తెలుగు, నీ తిప్పలే నాకు గూడ ఉండె. నేను జేసింది ఒక్కటే, గోదారి బ్రిడ్జి దాటి అవతలికెళ్ళి తెలుగు అకాడమీ ఇంటర్ సెకండియర్ లెక్కలు 2ఎ పుస్తకం పాతది తెచ్చుకున్న. అండ్ల డిస్పర్షన్ కొలతలు, సంభావ్యత (ప్రాబబిలిటీ), యాదృచ్ఛిక చలరాశులు (రాండమ్ వేరియబుల్స్) మూడు చాప్టర్లు వరసగ ఉంటయి, బైనోమియల్, పాయిసాన్ డిస్ట్రిబ్యూషన్లు గూడ ఉంటయి. నీకు పార్వతీపురం దగ్గరే గద, అక్కడ పాత పుస్తకాలు దొరుకుతయి చూడు. ముందు తెలుగుల అర్థం జేసుకోని, అదే చాప్టర్ ఇంగ్లీషుల చదివి, ప్రశ్నలో వచ్చే మాటలు ఒక నోట్సుల రాసుకో. అట్ లీస్ట్, అట్ మోస్ట్, గివెన్ దట్, ఈదర్ ఆర్, వితవుట్ రీప్లేస్‌మెంట్ - గివే తిరిగి తిరిగి వస్తయి. అట్ లీస్ట్ వన్ అని కనపడంగనే ఒకటిలకెల్లి "ఒక్కటి గూడ లేదు" తీసెయ్యి, సగం లెక్కలు గట్లనే అయిపోతయి.

నాగావళి_అక్క:

దానికి ల్యాబ్ అన్న ఇచ్చిన లెక్కతోనే ఉదాహరణ: ఇద్దరు క్యారియర్లకి ముగ్గురు పిల్లలు, కనీసం ఒకరికి జబ్బు వచ్చే ఛాన్సు? ఎవరికీ రాకపోవడం 3/4 ఇంటూ 3/4 ఇంటూ 3/4, అంటే 27/64. ఒకటిలోంచి తీస్తే 37/64, సుమారు 0.58. మూడుసార్లు 1/4 కలిపి 3/4 అని రాసేవాళ్ళు చాలామంది, అలా కలపడం మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్ అయితేనే కుదురుతుంది, ఇక్కడ ఇద్దరికి కూడా రావచ్చు కదా.

ఇంకా సిలబస్ చివర్లో హైపోథెసిస్ టెస్టింగ్, పి వేల్యూ వస్తాయి, అక్కడా ఇదే "దేన్లోంచి" గుర్తుపెట్టుకో. పి వేల్యూ 0.03 అంటే నల్ హైపోథెసిస్ (తేడా ఏమీ లేదనే మొదటి ఊహ) నిజమయ్యే ఛాన్సు 3 శాతం అని కాదు. నల్ నిజమే అనుకుంటే, మనకి వచ్చినంత తేడాగానీ అంతకంటే ఎక్కువగానీ రావడానికి ఛాన్సు 0.03 అని. ల్యాబ్ అన్న లెక్కలో "ఉన్నవాళ్ళలో పాజిటివ్ ఎంతమంది", "పాజిటివ్‌లలో ఉన్నవాళ్ళు ఎంతమంది" రెండూ వేరు వేరుగా వచ్చాయి చూశావా, ఇక్కడా అదే తిరకాసు.

వంశధార_గట్టు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, సార్ మీరు చెప్పినట్టు మా పాత ప్రశ్నపత్రాలు తీసి చూశాను, శాంపిల్ అనే మాట ఉన్నచోటల్లా ఎన్ మైనస్ వన్నే ఉంది.

ల్యాబ్ అన్నయ్యా మీ లెక్క చేశాను. నాలుగు గడులు గీశాను, ఒకటి జబ్బు, రెండు క్యారియర్, ఒకటి ఏమీ లేనిది. జబ్బు లేదని తేలింది కాబట్టి ఆ గడి కొట్టేశా. మిగిలినవి మూడు, అందులో క్యారియర్ రెండు, కాబట్టి 2/3. సగం అనుకున్నాను గానీ గీస్తే 2/3 వచ్చింది, సూత్రంతో కూడా 1/2 ని 3/4 తో భాగిస్తే అదే వస్తోంది. మరి వాడు ఒక క్యారియర్ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటే మొదటి బిడ్డకి జబ్బు వచ్చే ఛాన్సు 2/3 ఇంటూ 1/4, అంటే 1/6 అవుతుందా? ఆ 1/4 కండిషనల్ అనుకుని గుణించాను, కరెక్టేనా?

ల్యాబ్_లో_ఉంటా:

నూటికి నూరు కరెక్టమ్మా. వాడు క్యారియర్ అయితేనే 1/4, క్యారియర్ కాకపోతే సున్నా, రెండు దార్లూ కలిపితే 1/6. దాన్నే టోటల్ ప్రాబబిలిటీ అంటారు, నీ తర్వాత చాప్టర్ అదే, నువ్వు అప్పుడే చేసేశావు.

కానీ నిజం మనిషి విషయంలో ఆ 2/3 దగ్గర ఆగకూడదు, పెళ్ళికి ముందే రక్తం ఇప్పించి హెచ్‌పీఎల్‌సీ చేయిస్తే వాడు క్యారియరో కాదో తేలిపోతాది. మీ ఊళ్ళో క్యాంపు పెట్టినప్పుడు నువ్వూ మీ ఇంట్లోవాళ్ళూ కూడా చేయించుకోండి, కార్డు ఇస్తారు, దాచుకోండి. బైనోమియల్ మొదలెట్టాక ఎక్కడైనా ఆగితే ఆ స్టెప్పు ఫోటో తీసి ఇక్కడే పెట్టు, రాత్రి డ్యూటీ లేనిరోజు చూసి రాస్తాను.