చిన్న చెక్క పడవల డిజైనర్లు: ప్లాన్లు గీసినవాళ్లకే పేజీ ఇవ్వాలా?

రేవుగట్టు:
చిన్న చెక్క పడవల డిజైనర్ల మీద మనమంతా కలిసి తెలుగులో ఒక సమాచార కోశం తయారుచేస్తున్నాం. ఎవరికి పేజీ ఇవ్వాలన్న దగ్గర పని ఆగింది. "సంతకంతో ప్లాన్లు ఉన్నవాళ్లకే" అన్నది ఒక ప్రతిపాదన. నేను ఒప్పుకోను. ఈ రూలుతో నథానియెల్ హెరెషాఫ్ (1848–1938) దగ్గరే చిక్కు వస్తుంది. అమెరికాలో రోడ్ ఐలండ్‌లోని బ్రిస్టల్‌లో పనిచేసిన ఆయన పడవ ఆకారాన్ని ముందు కాగితం మీద గీసేవారు కాదు. పడవను ముక్కు నుంచి వెనకదాకా నిలువునా సగానికి కోసినట్టుండే చిన్న నమూనాను చెక్కతో చెక్కేవారు. వేలితో తడిమితే ఎక్కడా ఎత్తుపల్లం తగలకుండా వచ్చాక, తాను సొంతంగా చేసుకున్న పరికరంతో కొలతలు తీసి పనివాళ్లకు ఇచ్చేవారు. ఆ చెక్కముక్కే అసలు డిజైన్.

కొలతలచిట్టా:
ఆ ఉదాహరణ మీ వాదనకు పనికిరాదండీ. ఆ నమూనాలు బ్రిస్టల్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి, వెళ్లి చూడొచ్చు. ఆధారం కాగితమే కానక్కర్లేదు గానీ ఏదో ఒకటి ఉండాలి కదా. లేకపోతే "ఇది మా తాత కట్టిన పడవ" అని ఎవరికి వాళ్లు పేజీ పెట్టేస్తారు. కాదనడానికి మన దగ్గర ఏముంటుంది? అమెరికా డిజైనర్ ఫిల్ బోల్జర్ (1927–2009) ఒక్కరే 600కు పైగా డిజైన్లు చేశారు. ముందు అలాంటివాళ్ల పని పూర్తిచేద్దాం.

తెరచాప:
అసలు పేజీ మనిషికి ఎందుకు? పడవకే ఇద్దాం. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్‌నే చూడండి. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ ప్లైవుడ్‌తో చేసిన పడవ అది. తర్వాత డెన్మార్క్‌లో ఆక్సెల్ డామ్‌గార్డ్ దాన్ని మార్చారు. అలాగే హెరెషాఫ్ 1914 నాటి 12½ పడవకు (నీటిమట్టం దగ్గర పొడవు 12½ అడుగులు) కింద బరువైన కీల్, అంటే అడుగున పొడవునా ఉండే దిమ్మె, ఉంటుంది. లోతు తక్కువ నీళ్లకోసం అమెరికా డిజైనర్ జోయెల్ వైట్ దాన్నే సెంటర్‌బోర్డుతో (కావాలంటే పైకి లాగగలిగే పలకతో) మళ్లీ గీసి హావెన్ 12½ అన్నారు. ఇది ఎవరి పేజీలో రాస్తారు?

రేవుగట్టు:
పడవకే పేజీ అన్నది నాకు నచ్చింది. ఆధారం కావాలన్నదీ న్యాయమే. కానీ ఆధారం ఉన్నా కట్టినవాడి పేరు తెలియని పడవలు బోలెడు. అమెరికా పడవల చరిత్రకారుడు హోవర్డ్ చాపెల్ (1901–1975) జీవితమంతా అలాంటి వాటి కొలతలు తీశారు. పడవను లెవెల్‌గా నిలపాలి, ముక్కు నుంచి వెనకదాకా మధ్యలో దారం బిగించాలి, కొంత దూరానికొకచోట తూకపు గుండు వేలాడదీసి పలకదాకా ఎంత దూరమో రాసుకోవాలి. పాత పడవల రెండు చివర్లూ కిందికి జారి ఉంటాయి. ఆ వంపు కట్టినప్పటిదా, వయసుతో వచ్చిందా అని కొలిచేవాడే తేల్చుకోవాలి. అంటే అతని అంచనా కూడా గీతలో కలుస్తుంది. అందుకే ప్రతి పేజీలో "కొలిచినవారు, ఏ పడవ, ఎప్పుడు" అన్న గడి తప్పనిసరిగా ఉండాలి. కట్టినవారి గడిలో పేరు దొరక్కపోతే ఊరు రాద్దాం, అదీ లేకపోతే తీరం పేరు.

ఇంకో మాట. మన కోరమండల్ తీరంలోని మసూలా పడవలో పలకల్ని మేకులు లేకుండా కొబ్బరి తాడుతో కుడతారు. అలలు కొట్టి ఇసుకమీదికి విసిరినా అది వంగి తట్టుకుంటుంది గానీ పగలదు. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ భారతీయ పడవల గురించి 1920లోనే రాశారు. ఇంత ఆలోచన ఉన్న పడవకు "డిజైనర్ లేడు" అని మన భాషలో మనమే రాస్తామా? నాకు మనసొప్పదు.

కొలతలచిట్టా:
కొలతలు ఉన్న పడవ ఏదైనా సరే, ఊరి పేరుతో చేరుద్దాం. మసూలాకు నా ఓటు కూడా. కొలతలూ ఫొటోలూ లేకుండా ఒట్టి నోటిమాటతో వచ్చేవి మాత్రం వద్దు.

రేవుగట్టు:
అక్కడే మనకు పడదు. కాకినాడ దగ్గరి తాళ్లరేవులాంటి చోట్ల కాగితం లేకుండా కంటి లెక్కతో కట్టే పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్లు చెప్పింది ఇప్పుడు రికార్డు చేయకపోతే రేపు కొలవడానికి పడవా ఉండదు, అడగడానికి మనిషీ ఉండడు. "చెప్పినది, ఇంకా కొలవలేదు" అని గుర్తుపెట్టి చేరుద్దాం.

కొలతలచిట్టా:
అయితే అవి వేరే విభాగంలో పెట్టండి. అసలు జాబితాలో కలిపితే నేను ఒప్పుకోను.

తెరచాప:
విభాగం గొడవ తర్వాత తేలుద్దురుగానీ, హావెన్ పేజీ ఇవాళ మొదలుపెడుతున్నాను. తాళ్లరేవు దగ్గర్లో ఉండేవాళ్లెవరైనా ఉంటే టేపు పట్టుకుని ఒక్క నావనైనా కొలిచి పెట్టండి.