కాగితాలు స్కాన్ అయ్యాక పెట్టెలు మళ్లీ తెరవక్కర్లేదా?

సందేహి:
అమెరికా ఫెడరల్ కోర్టులో నడుస్తున్న ఒక దావాకి డిస్కవరీ పని, అంటే అవతలి పక్షం అడిగిన డాక్యుమెంట్లు వెతికి ఇచ్చే పని, చూస్తున్నాం. మా క్లయింటు ప్రతివాది. ఇవ్వాల్సిన వాటిలో సగం ఈ-మెయిళ్లు, సర్వర్ ఫైళ్లు. మిగతా సగం అట్టపెట్టెల్లో ఉన్న పాత కాగితాలు. పెట్టెలన్నీ వెండర్‌కి పంపి, స్కాన్, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలని వెతకగలిగే టెక్స్ట్‌గా మార్చడం) చేయించి, ఈ-మెయిళ్లున్న ప్లాట్‌ఫామ్‌లోనే కలిపేద్దామంటున్నారు మా లీడ్. ఆ తర్వాత పెట్టెలతో పనే ఉండదట. నాకెందుకో మనసొప్పడం లేదు, కానీ ఎందుకో గట్టిగా చెప్పలేకపోతున్నాను. ఈ పనిలో ఉన్నవాళ్లు మీ అభిప్రాయం చెప్పండి.

లోడ్‌ఫైల్:
మీ లీడ్ చెప్పిందే కరెక్టండీ. కాగితాలు ఒక టీమ్, ఈ-మెయిళ్లు ఇంకో టీమ్ చూస్తే ఏమవుతుందంటే, లాయరు సలహా ఉన్న ఈ-మెయిల్‌ని ఒకరు ప్రివిలేజ్ (లాయరు-క్లయింటు గోప్యత) కింద ఆపుతారు. దాని ప్రింటవుట్ ఏదో ఫోల్డర్‌లో ఉంటుంది. రెండో టీమ్‌కి అది మామూలు ఉత్తరంలా కనిపించి అవతలి పక్షానికి వెళ్లిపోతుంది. వెనక్కి అడగడానికి ఫెడరల్ సివిల్ ప్రొసీజర్‌లో రూల్ 26(బి)(5)(బి) ఉంది. పొరపాటున ఇచ్చినా ప్రివిలేజ్ పోదని కోర్టు ఇచ్చే 502(డి) ఆర్డర్ ముందే తీసుకుంటే ఇంకాస్త ధీమా. కానీ అవతలి లాయరు చదివేసింది మరిచిపోరు కదా! అన్నీ ఒకే చోట ఉంటే సెర్చ్ ఒకటే, కోడింగ్ (డాక్యుమెంట్లకి ట్యాగులు వేయడం) ఒకటే, తేదీల వరస ఒకటే. పెట్టెలు పట్టుకుని ఎవరు కూర్చుంటారు?

ఫైలురూమ్:
ప్రివిలేజ్ గురించి లోడ్‌ఫైల్ గారు చెప్పింది నిజం. ఒకే ప్లాట్‌ఫామ్ కావాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. పేచీ అంతా "పెట్టెలతో పనే ఉండదు" అన్న మాట దగ్గరే.

ఒక ఫోల్డర్ తీసి చూడండి. లోపల కాంట్రాక్టు డ్రాఫ్ట్, దానికి పిన్ను కొట్టిన ఈ-మెయిల్ ప్రింటవుట్. మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో "ఇది ఒప్పుకోవద్దు" అని రాసి ఉంది. రెండో పేజీలో ఒక పేరాకి పసుపు హైలైటర్, దాని మీద స్టిక్కీ నోట్. ఇది స్కానింగ్‌కి వెళ్తే పిన్ను తీసేస్తారు. బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేస్తే ఎర్ర సిరా మామూలు సిరాలో కలిసిపోతుంది. హైలైటర్ మాయమన్నా అవుతుంది, నల్లటి పట్టీగా మారి అక్షరాలనన్నా మింగేస్తుంది. స్టిక్కీ నోట్ తీయకుండా స్కాన్ చేస్తే కింద ఉన్న పేరా పోయినట్టే. చేతిరాతని ఓసీఆర్ సరిగ్గా చదవదు. అంటే ఆ దావాలో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క ఏ సెర్చ్‌కీ దొరకదు.

పైగా "ఈ ఈ-మెయిల్ సర్వర్‌లో ఉందిగా, ఇది డూప్లికేటే" అని పక్కన పెట్టేస్తారు. కాదు! సర్వర్‌లో ఉన్నది పంపిన ఈ-మెయిల్. కాగితం మీద ఉన్నది, దాన్ని ఒక మనిషి చదివి ఏమనుకున్నాడో చెప్పే సాక్ష్యం. రెండూ వేర్వేరు డాక్యుమెంట్లు. హాష్ విలువతో (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) డీడూప్ చేసే, అంటే నకళ్లు ఏరేసే పద్ధతి ఫైళ్లకే గానీ స్కాన్లకి పనికిరాదు. ఒకే కాగితాన్ని రెండుసార్లు స్కాన్ చేసినా రెండు వేర్వేరు హాష్‌లు వస్తాయి.

సెర్చ్ మీద నమ్మకం ఎంత మోసం చేస్తుందో 1985లోనే బ్లెయిర్, మారన్ అనే పరిశోధకులు చూపించారు. శాన్‌ఫ్రాన్సిస్కో బార్ట్ రైలు ప్రమాదం కేసులో సుమారు 40,000 డాక్యుమెంట్ల మీద కీవర్డ్ సెర్చ్ చేసిన లాయర్లు, కావాల్సిన వాటిలో 75 శాతం దొరికాయనుకున్నారు. నిజానికి దొరికింది దాదాపు 20 శాతం. ఒకరు ప్రమాదం అని రాస్తే ఇంకొకరు "సంఘటన" అని రాశారు మరి.

లోడ్‌ఫైల్:
1985 నాటి సంగతి ఇప్పుడెందుకండీ? 2012లో డా సిల్వా మూర్ కేసులో మేజిస్ట్రేట్ జడ్జి ఆండ్రూ పెక్ ప్రెడిక్టివ్ కోడింగ్‌కి, అంటే లాయర్లు ట్యాగ్ చేసిన నమూనాల నుంచి నేర్చుకుని మెషీనే మిగతావి వర్గీకరించే పద్ధతికి, ఆమోదం తెలిపారు. మెషీన్ ఇప్పుడు పదాలు మాత్రమే చూడదు, డాక్యుమెంట్ మొత్తం చూస్తుంది. కలర్ స్కాన్ కావాలంటే వెండర్ చేసిస్తారు.

ఫైలురూమ్:
మెషీన్ చూసేది టెక్స్ట్‌నే. చేతిరాత పేజీకి ఓసీఆర్ ఇచ్చిన నాలుగు చెత్త అక్షరాల నుంచి అది ఏం నేర్చుకుంటుంది? అలాంటి పేజీలని ప్రెడిక్టివ్ కోడింగ్ నుంచి తీసేసి మనిషి కంటితో చదవాల్సిందే.

స్కాన్ ప్రతిని గుడ్డిగా నమ్మకూడదనడానికి ఇంకో కారణం. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ ఒక బిల్డింగ్ ప్లాన్‌ని జిరాక్స్ వర్క్‌సెంటర్‌లో స్కాన్ చేస్తే, 21.11 చదరపు మీటర్ల గది కాస్తా 14.13 అయిపోయింది. ఒకలా కనిపించే ముక్కలను ఒకటిగా కలిపేసే జేబిగ్2 కంప్రెషన్ చేసిన పని అది. ఓసీఆర్ తప్పు కాదు, బొమ్మలోనే అంకెలు మారాయి. మసకగా వచ్చి ఉంటే ఎవరైనా అనుమానించేవారు, కానీ తప్పు అంకె శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే కేసు ముగిసేదాకా, అప్పీళ్లు కూడా తేలేదాకా అసలు కాగితం చేతికి అందేలా ఉండాలి.

బేట్స్‌నంబర్:
మధ్యలో వస్తున్నా. రూల్ 34 ప్రకారం కాగితాలని మామూలుగా ఎలా ఉంచుకున్నారో అలాగే ఇవ్వాలి, లేదా అడిగిన అంశాల వారీగా సర్ది లేబుల్ వేసి ఇవ్వాలి. ఏ పెట్టె, ఏ ఫోల్డర్, ట్యాబ్ మీద ఏం రాసి ఉంది, ఎవరి గదిలోది అన్నవి లోడ్ ఫైల్‌లో (స్కాన్లతో పాటు ప్లాట్‌ఫామ్‌లోకి ఎక్కించే వివరాల ఫైలు) లేకపోతే, "మేం ఉంచుకున్నట్టే ఇచ్చాం" అని రేపు ఎలా చెబుతారు? ఎక్కడ ఒక డాక్యుమెంట్ అయిపోయి ఇంకొకటి మొదలైందో కూడా పెట్టె తెరిచి ఉన్నప్పుడే తేలాలి. స్కాన్ అయ్యాక అది ఊహే.

లోడ్‌ఫైల్:
ఫోల్డర్ సమాచారం సంగతి ఒప్పుకుంటాను, అది తప్పనిసరి. ప్రతి పెట్టెనీ మనిషి చదవాలంటే మాత్రం ఒప్పుకోను. 2015 సవరణ తర్వాత రూల్ 26లో ప్రొపోర్షనాలిటీ, అంటే కేసు అవసరానికి తగ్గంత శ్రమే పెట్టాలన్న సూత్రం, స్పష్టంగా రాసి ఉంది. పాత ఇన్‌వాయిస్‌ల పెట్టెలకీ ప్రధాన సాక్షి టేబుల్ మీది ఫోల్డర్లకీ ఒకే ఖర్చు పెట్టమని ఏ జడ్జీ అడగరు.

ఫైలురూమ్:
అది న్యాయమే. ముఖ్యమైన కస్టోడియన్ల (ఆ కాగితాలు ఉంచుకున్న వాళ్ల) పెట్టెలు మాత్రం స్కానింగ్‌కి ముందు తెరిచి చూడాలి. రాతలు, స్టిక్కీ నోట్లు ఉన్న ఫోల్డర్లకి కలర్ స్కాన్, నోట్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి.

సందేహి:
చాలా థాంక్సండీ. లీడ్‌తో ఏం మాట్లాడాలో ఇప్పుడు తెలిసింది. ఒక్క సందేహం. ఓసీఆర్ టెక్స్ట్ బాగా తక్కువ వచ్చిన పేజీలని విడిగా లిస్టు ఇమ్మని వెండర్‌ని అడగొచ్చా?

లోడ్‌ఫైల్:
అడగొచ్చు, ఇస్తారు. ప్లాట్‌ఫామ్‌లో టెక్స్ట్ సైజు ఫీల్డ్ ఉంటే మీరే ఫిల్టర్ పెట్టుకోవచ్చు. ఆ లిస్టుని పెట్టె నంబర్ల వారీగా సర్దుకోండి, ఏ పెట్టెలు తిరిగి తెరవాలో అందులోనే తెలుస్తుంది.