సమస్య: కీచకుని మెచ్చె ద్రౌపది కేలు మోడ్చి

ఇది తేటగీతి అనే పద్యంలో ఒక పాదం. దీన్ని చివర ఉంచి, మిగతా మూడు పాదాలు అల్లి అర్థం కుదర్చడమే పూరణ. నిండుసభలో తన్నినవాణ్ని ద్రౌపది మెచ్చడమేమిటి? విరాటపర్వంలో అది కుదరదు. అందుకే ఈసారి పూరణలన్నీ నాటకం వైపు నడవాలని కోరాను. నీచుడి వేషం కట్టినవాడి కష్టం పద్యంలో కనబడాలి.

మొదటి పూరణ

తెరను దించిన పిమ్మటఁ దేరుకొనుచు
రంగు తుడువని మోముతో రమణి యపుడు
"అన్న! నీ చూపె చాలు నే నదర" ననుచు
కీచకుని మెచ్చె ద్రౌపది కేలు మోడ్చి

వ్యాఖ్య: 'రంగు తుడువని మోము' దీనికి ప్రాణం. రంగు తుడిచేస్తే ఆమె ద్రౌపది కాదు, అతను కీచకుడు కాడు, సమస్య నిలవదు. పైగా ఆ 'అన్న' అనే పిలుపు! ఇంతసేపూ కామంతో చూసినవాణ్ని నోరారా అలా పిలిచింది. అయితే నటుడు పడ్డ పాట్లు మాత్రం పద్యంలోకి రాలేదు.

రెండో పూరణ

కురులఁ బట్టెడు ఘట్టానఁ గొంచెమైన
నొప్పి తగులని రీతిగ నొడుపుతోడ
నెలలు సాధన చేసిన నేర్పు గాంచి
కీచకుని మెచ్చె ద్రౌపది కేలు మోడ్చి

వ్యాఖ్య: భావం చక్కనిది, రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో నియమిత స్థానంలోని అక్షరం కలవడం) తప్పింది. 'రీతిగన్ + ఒడుపు' అని విడదీస్తే అక్కడున్నది అచ్చు. 'నొప్పి'లోని నకారంతో అది కలవదు. 'బాధ తగులని రీతిగఁ బట్టుటకయి' అంటే యతీ కుదురుతుంది, అన్వయమూ సాఫీగా సాగుతుంది.

మరొక సభ్యురాలు: ఆ ఘట్టం నేను ఆడాను. అతను గుప్పిటను తలకు ఆనిస్తాడంతే, లాగడు. నేనే రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుని, గుప్పిటను తలకు అదుముకుని కదులుతాను. చూసేవాళ్లకు ఈడ్చినట్టే ఉంటుంది. పగ్గం నా చేతిలో ఉందని తెలిశాకే నా టెన్షన్ తగ్గింది.

మూడో పూరణ

పూరణకర్త: ఈ కీచకుడి వేషం నేను కట్టాను. మొదట్లో మీసం మెలేసి, కళ్లు ఉరిమాను. రిహార్సల్‌లో ఎవరికీ భయం వెయ్యలేదు. వాడు తనను దుర్మార్గుడనుకోడు కదా, ప్రేమిస్తున్నాననే అనుకుంటాడు. గొంతు తగ్గించి, నవ్వుతూ, మెత్తగా పిలిచి చూశాను. ప్రదర్శన రోజున ముందు వరసలో ఒకావిడ పక్కనున్న పాపను దగ్గరికి లాక్కుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తనదు లోపలి చీకటిఁ దడిమి చూచి
సిగ్గు చంపుక సభలోన జీవమిడఁగ
తిట్టెఁ బ్రేక్షకజనమెల్ల, తెలిసి తాను
కీచకుని మెచ్చె ద్రౌపది కేలు మోడ్చి

వ్యాఖ్య: మూడింటిలో నా మనసు పట్టుకున్నది ఇదే. ఒకవైపునే పుట్టిన రతిని, అంటే ప్రేమభావాన్ని, ఆలంకారికులు రసాభాసం (రసంలా తోచినా రసం కానిది) అన్నారు. నటుడు లోపల నింపుకోవలసింది ఆ రతిని, చూసేవాళ్లకు కలగవలసింది జుగుప్స. తానే ముందు అసహ్యించుకుంటూ ఆడితే వాళ్లకు మిగిలేది మీసాలే. మీరు పాపను దగ్గరికి లాక్కునేలా చేశారు. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 'సిగ్గు చంపుక' అన్నారు. సిగ్గు చచ్చినవాడు కీచకుడు. మీది చచ్చి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేది.

పూరణకర్త: నిజమేనండీ. రెండో పాదం మారుస్తున్నాను:

సిగ్గుపడుచునె సభలోన జీవమిడఁగ