సెల్మా సినిమాలో జాన్సన్‌ని విలన్ చేశారా?

చందు_వరంగల్:
సెల్మా (2014) మళ్ళీ చూశా, అదే, అమెరికాలోని అలబామా రాష్ట్రం సెల్మా ఊళ్ళో నల్లజాతివాళ్ళ ఓటు హక్కు కోసం జరిగిన ఉద్యమం మీద తీసిన సినిమా. మార్టిన్ లూథర్ కింగ్‌గా డేవిడ్ ఒయెలోవో అదరగొట్టాడు, అందులో పేచీ లేదు. కానీ అప్పటి అమెరికా ప్రెసిడెంట్ జాన్సన్‌ని మరీ ఆ ఉద్యమానికి అడ్డంకిలా చూపించారు. 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం మీద సంతకం పెట్టింది ఆయనే కదా! ఆయన దగ్గర పనిచేసిన కాలిఫానో అయితే సెల్మాలో ఉద్యమం చేయాలన్న ఐడియానే జాన్సన్‌దని పేపర్లో రాశాడు.

మధ్యాహ్నం_షో:
అదేం లెక్క చందు గారూ? కాలిఫానో రుజువుగా చూపించే జాన్సన్-కింగ్ ఫోన్ కాల్ 1965 జనవరి 15 నాటిది. కింగ్ జనవరి 2నే సెల్మాలో, బ్రౌన్ ఛాపెల్ చర్చిలో, మీటింగ్ పెట్టేశాడు. ఆయనకంటే ముందు నుంచీ అక్కడి జనం, ఎస్ఎన్‌సీసీ అనే విద్యార్థి సంఘం కుర్రాళ్ళు దెబ్బలు తింటూనే ఉన్నారు. సినిమా మొదట్లో ఓప్రా ఓటరుగా నమోదు కావడానికి వెళ్తుంది చూడండి, అక్కడి గుమాస్తా రాజ్యాంగ పీఠిక అప్పజెప్పమంటాడు, చెప్తుంది, కౌంటీ జడ్జిలు ఎంతమంది అంటాడు, 67 అంటుంది, అయితే పేర్లు చెప్పు అంటాడు. ఇది వాళ్ళ కథ, వైట్‌హౌస్ కథ కాదు.

చందు_వరంగల్:
సరే, కాలిఫానోని పక్కన పెట్టండి. కింగ్ వేరే ఆడవాళ్ళతో ఉన్నాడంటూ ఎఫ్‌బీఐ పంపిన రహస్య రికార్డింగ్ టేపు సంగతేంటి? జాన్సన్ ఎఫ్‌బీఐ డైరెక్టర్ హూవర్‌ని పిలవమంటాడు, ఆ వెంటనే కింగ్ ఇంట్లో ఆ టేపు మోగుతుంది. ఎఫ్‌బీఐ దాన్ని 1964 నవంబర్‌లోనే పంపింది. కింగ్ ఫోన్ల మీద నిఘాకి 1963లో ఓకే చెప్పింది అప్పటి అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ. చూసేవాళ్ళు పాపం జాన్సన్ ఖాతాలో వేసేస్తారు.

రాగిణి_77:
మీరిద్దరూ జాన్సన్ దగ్గరే ఆగిపోయారు. ఇందులో కింగ్ అసలు ప్రసంగం ఒక్కటీ లేదు, గమనించారా? ఆ ప్రసంగాల సినిమా హక్కులు అప్పటికే స్పీల్‌బర్గ్ వైపు వెళ్ళిపోయాయి, డైరెక్టర్ డూవర్నే కొత్తగా రాసుకుంది. నాకైతే అదే మేలనిపించింది, తెలిసిన మాటలు రాగానే చప్పట్లు కొట్టే బాధ తప్పింది.

చందు_వరంగల్:
టాపిక్ మార్చకండి మేడమ్. ఆ టేపు సీన్ లేకపోతే సినిమాకి పోయేదేముంది?

రాగిణి_77:
చాలా పోతుంది. మిగతా ఆడవాళ్ళని ప్రేమించావా అని భార్య కొరెట్టా అడిగితే, కింగ్ అంతసేపు మౌనంగా ఉండి లేదంటాడు. అది తీసేస్తే ఆయన మళ్ళీ ఫోటో ఫ్రేములో దేవుడే. జాన్సన్ హూవర్‌ని పిలవమనే ముక్క మాత్రం కత్తిరించండి, నేనూ ఒప్పుకుంటా.