కొన్ని సైట్లే తెరుచుకోవడం లేదు, పింగ్ మాత్రం బాగానే ఉంది

ప్రశ్న:
విండోస్ 10 డెస్క్‌టాప్, లాన్ కేబుల్‌తో రౌటర్‌కి కనెక్ట్ అయి ఉంది. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నెట్ కంపెనీకి కలిపే పద్ధతి) లాగిన్ రౌటర్‌లోనే ఉంది. రౌటర్ మార్చినప్పటి నుంచి గూగుల్, యూట్యూబ్ వెంటనే వస్తున్నాయి కానీ కొన్ని సైట్లు ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటున్నాయి. మెయిల్‌కి ఫైల్ జత చేస్తే మధ్యలో ఆగిపోతోంది. వైఫైలో ఫోన్‌కీ ఇదే తంతు, మొబైల్ డేటాలో బాగుంది. నెట్‌వర్క్ రీసెట్ చేసేయమంటారా?

జవాబు 1:
రీసెట్ ఇప్పుడే వద్దండి. చేతితో పెట్టుకున్న ఐపీ, డీఎన్ఎస్ (సైట్ పేరుకు అడ్రస్ వెతికి ఇచ్చేది), వైఫై పాస్‌వర్డ్‌లు అన్నీ పోతాయి, లోపం ఎక్కడుందో మాత్రం తెలియదు. ఫోన్‌కీ ఉందంటే అసలు కంప్యూటర్ మీద అనుమానమే తక్కువ. అయినా కమాండ్ ప్రాంప్ట్‌లో వరసగా చూడండి (టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే):

ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ రాలేదని అర్థం. కేబుల్, పోర్ట్, రౌటర్‌లో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచేది) చూడాలి. సరిగ్గా ఉంటే అక్కడే కనిపించే డిఫాల్ట్ గేట్‌వేకి పింగ్, తర్వాత 1.1.1.1కి (బయటి ఇంటర్నెట్‌లోని ఒక సర్వర్) పింగ్, ఆపైన తెరుచుకోని సైట్ పేరుతో ఎన్ఎస్‌లుకప్. 1.1.1.1 పలికి సైట్ పేరుకు అడ్రస్ దొరకకపోతే డీఎన్ఎస్ తప్పు. ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) ఆన్‌లో ఉందేమో కూడా ఒకసారి చూసేయండి.

అడిగినవారు:
అడ్రస్ 192.168.1.7. గేట్‌వే, 1.1.1.1 రెండింటికీ పింగ్ అన్నిటికీ జవాబు వచ్చింది, ఒక్క ప్యాకెట్ కూడా తప్పిపోలేదు. ఎన్ఎస్‌లుకప్ అడ్రస్ ఇస్తోంది. ప్రాక్సీ ఆఫ్.

జవాబు 2:
అయితే ఇది ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే హద్దు) వ్యవహారంలా ఉంది. మామూలు పింగ్‌లో 32 బైట్లే వెళ్తాయి, కాబట్టి అది బాగున్నంత మాత్రాన పెద్ద ప్యాకెట్లు వెళ్తున్నట్టు కాదు. ఇది కొట్టండి:

పింగ్ 1.1.1.1 -ఎఫ్ -ఎల్ 1472

తర్వాత 1472 బదులు 1464 పెట్టండి. -ఎఫ్ అంటే ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దని. ఈ సంఖ్యకు హెడర్ల 28 బైట్లు కలుస్తాయి: 1472 అంటే 1500, 1464 అంటే 1492. పీపీపీఓఈ తన వంతుగా 8 బైట్లు తీసుకుంటుంది కనుక మామూలుగా 1492 దాటి పోదు. పోకపోవడం తప్పేమీ కాదు. 1472కి "ఫ్రాగ్మెంట్ చేయాలి" అన్న మెసేజ్ వస్తే దారి తన హద్దు తాను చెప్పుకుంటోంది. టైమ్ అవుట్ అయితే ప్యాకెట్‌ను ఎక్కడో చప్పుడు లేకుండా పడేస్తున్నారు. పంపినవాడికి తగ్గించుకోవాలని తెలియక అదే సైజు మళ్లీ మళ్లీ పంపుతాడు. పేజీ తిరుగుతూ ఉండేది అందుకే. గూగుల్ సైట్లు బతికిపోవడానికి కారణం, క్రోమ్‌లో అవి ఎక్కువగా క్విక్ అనే వేరే పద్ధతి మీద నడుస్తాయి. దాని ప్యాకెట్లు 1500 కన్నా బాగా చిన్నవిగానే మొదలవుతాయి.

అడిగినవారు:
1464కి జవాబు వచ్చింది. 1472కి రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, నాలుగుకి నాలుగూ.

జవాబు 2:
అదే. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌ఎస్‌హెచ్ కమాండ్‌తో ఈథర్నెట్ ఎంటీయూ 1492 చేసేయండి.

జవాబు 3:
నేనైతే కంప్యూటర్‌ను ముట్టను. దాన్ని మారిస్తే ఫోన్ సంగతి అలాగే ఉంటుంది, రేపు ఇంకో పరికరం తెస్తే మళ్లీ మొదలు. రౌటర్ పేజీలో వాన్ (బయటి నెట్ కనెక్షన్) సెట్టింగ్స్‌కి వెళ్లండి, పీపీపీఓఈ కనెక్షన్ దగ్గర ఎంటీయూ గడి ఉంటుంది. 1500 ఉంటే 1492 చేసి, సేవ్ కొట్టి, కనెక్షన్ తెంచి మళ్లీ కలపండి. ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటాకు హద్దు పెట్టేది) అని ఉంటే ఆన్ చేయండి. సంఖ్య అడిగితే 1452. ఐపీ, టీసీపీ హెడర్లు చెరో 20 పోగా మిగిలేది అదే. సైట్లు తెరవడానికి ముఖ్యంగా పనికొచ్చేది ఇదే, ఎందుకంటే అవతలి సర్వర్ కూడా మొదటి నుంచే చిన్న ప్యాకెట్లు పంపుతుంది.

రౌటర్‌లో ఆ గడి లేకపోతేనే జవాబు 2 దారి. ఎంత తగ్గించినా 1280 కిందికి పోవద్దు, ఐపీవీ6 పనిచేయదు.

అడిగినవారు:
గడిలో 1500 ఉంది. 1492 చేసి క్లాంపింగ్ పెట్టాక సైట్లు కంప్యూటర్, ఫోన్ రెండింట్లోనూ తెరుచుకుంటున్నాయి, మెయిల్‌లో ఫైల్ కూడా వెళ్లింది. 1472కి ఇప్పుడు 192.168.1.1 (రౌటర్) నుంచి ఫ్రాగ్మెంట్ మెసేజ్ వస్తోంది. ఆఫీసు వీపీఎన్ మాత్రం కనెక్ట్ అయ్యాక కదలడం లేదు.

జవాబు 3:
వీపీఎన్ తన హెడర్లు ఇంకొన్ని కలుపుతుంది. ఆ అడాప్టర్ ఒక్కదానికే 1400 పెట్టి చూడండి, రౌటర్‌ది 1492గానే ఉంచండి.